కందెన లేని బండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"అక్కడ చూడటానికి ఏముంది తాతయ్యా, అంతా గోధుమ చేలేగా!" అన్నారు మొన్న ఫోనులో. నిజమే, చేలే. ఆదివారాలు పొద్దున్నే పులిహోర కట్టుకుని, మీ బాబాయి కారులో ఆ చేల మధ్యకే వెళ్లి, చీకటి పడేలోగా మేముండే సస్కటూన్‌కు, అదే ఈ కెనడా ఊరికి, తిరిగి చేరుతున్నాం.

మొదట చూసింది బటోష్. ఇక్కడికి ఈశాన్యంగా సుమారు 90 కిలోమీటర్లు, నది ఒడ్డున ఉంటుంది. యూరప్ వ్యాపారులకూ ఆదివాసీ స్త్రీలకూ పుట్టిన సంతతి మెటీ జనం. తమ భూముల కోసం వాళ్లు 1885 మే 9 నుంచి 12 దాకా కెనడా సైన్యంతో పోరాడి ఓడిపోయింది ఇక్కడే. చర్చి పక్కన ఫాదరీ ఉండే ఇంటికి ఆనాటి తూటాల రంధ్రాలు ఇంకా ఉన్నాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఆ పక్కనున్న బండిబాట. విన్నిపెగ్ నుంచి ఎడ్మంటన్ వైపు సాగిన కార్ల్‌టన్ బాట అది. మెటీల రెండు చక్రాల బండి మొత్తం చెక్కే. ఏరు అడ్డొస్తే చక్రాలు ఊడదీసి, బండినే తెప్పలా తేల్చేవారట. ఇరుసుకు కందెన మాత్రం పెట్టేవారు కారు. దుమ్ము అందులో కలిస్తే ఇరుసు ఇంకా తొందరగా అరిగిపోతుందని! అందుకే ఆ బండ్ల కీచుమోత మైళ్ల దూరం వినిపించేదట. బండి కింద కందెన ముంత వేలాడదీయనిదే ఊరు దాటని మా నాన్నగారు వింటే ఏమనేవారో!

తర్వాత రైలు వచ్చింది. పట్టాల వెంట పది, పదిహేను కిలోమీటర్లకొక ఊరు ఎందుకు వెలిసిందో చెప్పుకోండి చూద్దాం. రైతు గుర్రపు బండిలో గింజలు తోలుకొచ్చి, గాదెలో పోసి, రాత్రికి ఇల్లు చేరాలి కదా! ఎలివేటర్లనే ఆ ఎత్తైన గాదెలు 1933లో పశ్చిమ కెనడా మైదానాల్లో మొత్తం 5,758 ఉండేవి. లారీలు వచ్చి, రోడ్లు బాగుపడ్డాక అంత దగ్గర దగ్గరగా ఊళ్లతో పనిలేకపోయింది. చాలా గాదెలు కూల్చేశారు. బడి, దుకాణం మూతపడ్డాయి.

ఒక సంగతి. వాన పడ్డాక మట్టిరోడ్డు ఎక్కకూడదు. ఇక్కడి బంకమట్టిని గంబో అంటారు, మన రేగడికి అన్న. ఒకసారి అందులో దిగబడితే, ఎవరో రైతు ట్రాక్టరుతో లాగి పుణ్యం కట్టుకున్నాడు.

ఊరు పోయినా చర్చి మిగిలిన చోట్లు చాలా ఉన్నాయి. పది డాలర్ల రుసుముకు 160 ఎకరాలు ఇస్తున్నారని ఉక్రెయిన్ నుంచి వచ్చిన రైతులు ఉల్లిగడ్డ లాంటి గుమ్మటాలతో కట్టుకున్నారు వాటిని. స్మట్స్ అనే చోట అలాంటిదొకటి చూశాం. తలుపుకు తాళం. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు గానీ, సమాధుల మధ్య గడ్డి మాత్రం నున్నగా కోసి ఉంది. ఎవరు కోస్తారా అనుకుంటుండగానే, యంత్రం తోసుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్ల నాయనమ్మ అక్కడే ఉందట. మా పులిహోర కొంచెం రుచి చూసి, "తాళంచెవి మా ఇంట్లోనే ఉంటుంది, ఈసారి ముందే ఫోను చేసి రండి" అంది.

నంబరు రాసుకున్నాను. మీరు జూలైలో వస్తారుగా, అప్పుడే చేస్తాను.

మీ తాతయ్య