జీతం లేని యూనిఫాం: అమెరికా రిజర్వ్ పోలీసులు, చాప్లెయిన్ల వెనక చరిత్ర

అమెరికాలో పోలీసు సంస్థలు దాదాపు 18,000. మనకున్నట్టు రాష్ట్రమంతటికీ ఒకే శాఖ, పైన డీజీపీ అనే పద్ధతి అక్కడ లేదు. ఊరి పోలీసులు వేరు, కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్, అంటే జనం ఓటేసి ఎన్నుకునే పోలీసు అధికారి, వేరు. ఎవరి బడ్జెట్ వాళ్లదే. స్థానిక పోలీసు విభాగాల్లో సుమారు సగం చోట్ల పదిమంది ఆఫీసర్లు కూడా ఉండరు. ఊళ్లో పరేడ్ జరిగినా, తుఫాను వచ్చినా ఆ కొద్దిమందే చూసుకోవాలి. అందుకే అక్కడ రిజర్వ్ ఆఫీసర్లు కావాల్సి వచ్చింది. వేరే ఉద్యోగం చేసుకునే మనిషి నెలకు కొన్ని గంటలు యూనిఫాం వేసుకుని డ్యూటీ చేస్తాడు. చాలా చోట్ల జీతం ఉండదు.

మనకు వెంటనే హోంగార్డు గుర్తొస్తాడు. 1946 డిసెంబరులో బొంబాయిలో హోంగార్డులు మొదలైనప్పుడు ఉద్దేశం ఇలాంటిదే. అల్లర్ల వేళ పౌరులు స్వచ్ఛందంగా పోలీసులకు తోడుండాలని. 1962 చైనా యుద్ధం తర్వాత కేంద్రం దాన్ని దేశమంతా ఒక పద్ధతిలో పెట్టింది. కానీ తెలుగు రాష్ట్రాల్లో హోంగార్డు ఆ రోజువారీ భత్యంతోనే ఇల్లు నడుపుకుంటున్నాడు. పేరుకే వాలంటీరు. 2015లో సుప్రీంకోర్టు కూడా పర్మినెంట్ చేయమనలేదు. నెలంతా పనిచేస్తే కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకుండా చేతికి రావాలని మాత్రం చెప్పింది. అమెరికా రిజర్వ్ ఆఫీసరుకి ఈ పొట్టకూటి బాధ లేదు. అతని విషయంలో తేలాల్సింది ఎంత శిక్షణకి ఎంత అధికారం ఇవ్వాలన్నది.

ఈ రిజర్వ్ పద్ధతి మూలం ఇంగ్లండు నుంచి వచ్చిన పాత చట్టంలో ఉంది. షెరీఫ్ పిలిస్తే ఊళ్లో సత్తువ ఉన్న మగవాళ్లంతా దొంగ వెంట పడాలి. ఆ గుంపుని పాసీ అంటారు. కాలిఫోర్నియాలో 1872 నాటి చట్టం ప్రకారం పోలీసు సాయమడిగితే కాదన్నవాళ్లకి 1,000 డాలర్ల దాకా జరిమానా. దాన్ని 2019లో గానీ తీసేయలేదు. సినిమాల్లో పాసీ అంటే గుర్రాల మీద న్యాయం కోసం పరిగెత్తే వీరులు. చరిత్ర అంత శుభ్రంగా లేదు. పారిపోయిన బానిసల్ని పట్టుకోవడానికి జనాన్ని ఇలాగే పిలిచే అధికారాన్ని 1850 చట్టం ఇచ్చింది. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజాతి వాళ్ల మీద రాష్ట్ర పోలీసులతో పాటు విరుచుకుపడింది షెరీఫ్ జిమ్ క్లార్క్ పోగేసిన పాసీయే. చట్టం పేరుతో లాఠీ ఎవరి చేతికిస్తున్నామో చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పద్ధతి మారుతూ వచ్చింది. లాస్ ఏంజెలెస్ నగరం 1947లో రిజర్వ్ దళాన్ని చట్టబద్ధం చేసింది. ఇప్పుడు కాలిఫోర్నియాలో రిజర్వ్ ఆఫీసర్లకి మూడు స్థాయిలున్నాయి. ఒంటరిగా గస్తీ తిరగాలంటే మామూలు ఆఫీసరుకిచ్చే ప్రాథమిక శిక్షణంతా పూర్తిచేయాలి. నాకు ఇది సరైన పద్ధతి అనిపిస్తుంది.

అది ఎందుకు సరైనదో 2015లో ఓక్లహోమాలోని టల్సా కౌంటీ చూపించింది. 73 ఏళ్ల ఇన్సూరెన్స్ వ్యాపారి ఒకాయన అక్కడ షెరీఫ్‌కి రిజర్వ్ డిప్యూటీ. షెరీఫ్ ఎన్నికల ప్రచారానికి సాయపడ్డాడు, ఆఫీసుకి వాహనాలు విరాళంగా ఇచ్చాడు. ఏప్రిల్ 2న ఒక ఆపరేషన్‌లో, నేలమీద పడేసి పట్టుకున్న ఎరిక్ హ్యారిస్ అనే నిరాయుధుడి మీద టేజర్ (కరెంటు షాకిచ్చే పరికరం) అనుకుని తుపాకీ పేల్చాడు. హ్యారిస్ చనిపోయాడు. కోర్టు ఆయనకి నాలుగేళ్ల శిక్ష వేసింది, షెరీఫ్ స్టాన్లీ గ్లాంజ్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. డబ్బూ పరిచయాలూ చూసి బ్యాడ్జి ఇచ్చారన్న కోపం ఇంకా చల్లారలేదు. నిజాయితీగా సేవ చేసే వేలమందికి ఇది అన్యాయమే. 2007లో న్యూయార్క్‌లో ఇద్దరు ఆగ్జిలరీ ఆఫీసర్లు (అక్కడి వాలంటీరు పోలీసులు) చేతిలో తుపాకీ లేకుండానే హంతకుడి వెంటపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే నగరం వాళ్లకి బులెట్‌ప్రూఫ్ జాకెట్లు కొనిచ్చింది.

చాప్లెయిన్ల పని వేరు. పోలీసు చాప్లెయిన్ అంటే పోలీసు విభాగానికి తోడుగా ఉండే మత గురువు, చాలా ఊళ్లలో అక్కడి చర్చి పాస్టరే. యాక్సిడెంట్‌లో బిడ్డ పోయాడని చెప్పడానికి అర్ధరాత్రి ఆఫీసరు తలుపు తట్టినప్పుడు పక్కన ఉంటాడు. ఆఫీసరు ఇంకో కాల్‌కి వెళ్లిపోయాక చుట్టాలొచ్చేదాకా ఆ ఇంట్లో కూర్చుంటాడు. పోలీసులకీ ఆయన కావాలి. టెన్షన్‌గా ఉందని పైఅధికారికి చెబితే డ్యూటీ నుంచి తప్పిస్తారేమోనని చాలామందికి భయం, అందుకని చాప్లెయిన్‌కి చెప్పుకుంటారు. వీళ్ల అంతర్జాతీయ సంఘం 1973లో ఏర్పడింది.

జీతమిచ్చి పెట్టుకోవచ్చు కదా అంటే రాజ్యాంగం దగ్గర చిక్కు వస్తుంది. నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరం ఒక బాప్టిస్టు చర్చికి డబ్బు కట్టి చాప్లెయిన్‌ని తెచ్చుకుంటే, ప్రభుత్వం మతానికి అండగా నిలవకూడదన్న నియమానికి అది విరుద్ధమని 1980లో ఫెడరల్ కోర్టు తేల్చింది. వాలంటీరైతే ఈ తగాదా చాలావరకు తగ్గుతుంది గానీ, యూనిఫాం వేసుకుని మత ప్రచారం చేయకూడదన్న హద్దు అలాగే ఉంటుంది. న్యూయార్క్ పోలీసులకి క్రైస్తవ, యూదు చాప్లెయిన్లతో పాటు ఇమాములూ ఉన్నారు.

ఇంకా తేలాల్సింది రహస్యం సంగతి. మత గురువుతో చెప్పుకున్న మాటకి కోర్టులో ఎంత రక్షణ ఉంటుందో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాల్పుల కేసులో ఇరుక్కున్న ఆఫీసరు నోరు విప్పకముందే ఈ సంగతి అతనికి చెప్పడం చాప్లెయిన్ బాధ్యత.