మంచులో ఉన్నా గడ్డకట్టని మొగ్గ

"మా ఫోర్సీథియా పొద ఏపుగా ఉంది, ఆకులకు కొదవలేదు. పూలు మాత్రం నేలకు దగ్గరగా ఉన్న కొమ్మలకే వచ్చాయి, పైనంతా బోసి. ఎరువు తక్కువైందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఎరువు లోపం కాదిది. ఆ కింది కొమ్మలు చలికాలంలో కురిసిన మంచులో కూరుకుపోయి వెచ్చగా గడిపాయి. పై కొమ్మలు ఒట్టి గాలిలో నిలబడి చలికి దొరికిపోయాయి.

ఫోర్సీథియా మల్లె, పారిజాతాల కుటుంబానికి చెందిన పొద. వసంతం మొదట్లో, ఆకు కూడా వేయకముందే, కొమ్మ కనబడనంతగా పసుపు పూలు పూస్తుంది. ఎండ తగలాలి, వేళ్ల దగ్గర నీరు నిలవకూడదు. పెంపకానికి అంతకన్నా పెద్ద నియమాలు లేవు. కానీ ఆ పువ్వు వసంతంలో తయారైనది కాదు. కిందటి వేసవిలోనే మొగ్గలో రూపు కట్టి, చలికాలమంతా అక్కడే గడిపింది. ఎలా బతికింది?

నీరు 0 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని బడిలో నేర్పుతాం. మంచుగడ్డ 0 దగ్గర కరుగుతుందని నేర్పితే ఇంకా సరిగ్గా ఉంటుంది. గడ్డకట్టడం మొదలవ్వాలంటే నీటికి ఒక బీజం కావాలి: ఒక ధూళి కణమో, ఒక బాక్టీరియమో, అప్పటికే ఏర్పడిన మంచు స్ఫటికమో. అవేవీ లేని స్వచ్ఛమైన నీటి తుంపర సుమారు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. ఇదే అతిశీతలీకరణ.

ఫోర్సీథియా కాండంలో నీరు సున్నాకి కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకడుతుంది. అక్కడ పుట్టిన స్ఫటికం, వేళ్ల నుంచి నీటిని పైకి మోసే దారువు నాళాల వెంట, మందు పూసిన ఒత్తి వెంట నిప్పు పాకినట్టు, పాకుతూ పోతుంది. మొగ్గ దగ్గరికొచ్చేసరికి ఒత్తి తెగి ఉంటుంది! చలికాలంలో మొగ్గలోని పసి పువ్వుకీ కాండానికీ మధ్య దారువు నాళాలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. అక్కడున్నవి నాళాలు కాబోయే లేత కణాలే. నిప్పు ఆగిపోతుంది. చుట్టూ ఉన్న పొలుసుల్లో మంచు పేరుకుంటుంది, పువ్వులోని నీటిలో కొంత బయటికి వచ్చి ఆ మంచులోనే చేరుతుంది. లోపల మిగిలిన రసం చిక్కబడి, ఇంకా కింది ఉష్ణోగ్రత దాకా ద్రవంగానే నిలుస్తుంది. మంచు మధ్యలో, మంచు తాకని పువ్వు!

ఈ రక్షణకు హద్దు ఉంది. తోటల్లో ఎక్కువగా కనిపించే సంకర జాతి ఇంటర్మీడియాలో పూమొగ్గలు మైనస్ 20ల చలిలో ఓడిపోతాయి. అప్పుడు కణాల లోపలే ఒక్కసారిగా మంచు పుడుతుంది, పువ్వు చచ్చిపోతుంది. ఆకుమొగ్గలు ఇంకా గట్టివి కాబట్టి పొద మామూలుగానే చిగురిస్తుంది. పాఠకురాలు చూసింది సరిగ్గా ఇదే. వసంతం దగ్గరపడి నాళాలు కలిసిపోతే ఒత్తి అతుక్కున్నట్టే. ఆ తర్వాత కొద్దిపాటి చలి కూడా ప్రమాదమే.

చలికాలం చివర ఒక మొగ్గను బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికుంది, గోధుమ రంగుకు తిరిగితే పోయింది.

పొదలో కింద నుంచి పై దాకా ఒక్క పువ్వూ పూయకపోతే మాత్రం చలిని కాదు, కత్తెరను అనుమానించాలి. చంద్రకళలు చూసి కత్తిరించేవాళ్లున్నారు. మొగ్గకు చంద్రుడితో పనిలేదు, వేసవితో పని. ఆకులు రాలాక కత్తిరిస్తే తయారైన పూలను కోసి పారేసినట్టే. పూలు రాలిన వెంటనే, ముదిరిన కాండాల్లో మూడో వంతు నేలమట్టానికి తీసేయండి. కొత్త కొమ్మలకు మొగ్గ కట్టుకోడానికి వేసవి అంతా మిగులుతుంది. మీ దగ్గర చలి మరీ తీవ్రమైతే, కొరియా జాతి ఓవాటా నుంచి పుట్టిన మెడోలార్క్ రకం నాటండి. మైనస్ 30 దాటిన చలిలోనూ దాని పూమొగ్గలు నిలుస్తాయి.