చంద్రుడి మట్టిలో హీలియం-3: ఇంధనంగా మొదలై, అమ్మకపు సరుకుగా మారిన కథ

చంద్రుడి మీదికి ఏ నౌక బయల్దేరినా ఒక మాట వినబడుతుంది. అక్కడి మట్టిలో హీలియం-3 (మామూలు హీలియం కంటే తేలికైన రకం) ఉంది, తెచ్చుకుంటే కాలుష్యం లేని అణు కరెంటు తరతరాలకు సరిపోతుంది అని. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 వెళ్లినప్పుడు కూడా ఈ మాట బాగా నలిగింది. అసలు ఈ ఆశ ఎక్కడ పుట్టింది? ఇన్నేళ్లలో ఎంతదూరం వచ్చింది?

1969 జులైలో అపోలో-11 వ్యోమగాములు చంద్రుడి మీద ఒక అల్యూమినియం రేకును తెరలా నిలబెట్టారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం అది. సూర్యుడి నుంచి ఆగకుండా వచ్చే కణాల ధార, అంటే సౌర పవనం, 77 నిమిషాల పాటు ఆ రేకుకు తగిలింది. భూమికి అయస్కాంత క్షేత్రం, దట్టమైన వాతావరణం అడ్డున్నాయి కాబట్టి ఆ కణాలు మన నేలదాకా రావు. చంద్రుడికి ఆ రక్షణ లేదు. వందల కోట్ల సంవత్సరాలుగా ఆ ధారతో వచ్చిన హీలియం అక్కడి ధూళిలోకి ఇంకిపోయింది. 1970 జనవరిలో హ్యూస్టన్‌లో జరిగిన సదస్సులో, అపోలో మట్టిని పరీక్షించినవాళ్లు ఈ వాయువుల లెక్కలు బయటపెట్టారు. వాళ్లకు అది సూర్యుడి చరిత్ర చెప్పే ఆధారం. దాన్ని ఇంధనంగా చూడటానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

అలా చూసింది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ బృందం. విటెన్‌బర్గ్, శాంటారియస్, కుల్సిన్‌స్కీ 1986లో ప్రచురించిన పత్రం, చంద్రుడి పైపొరలో దాదాపు 10 లక్షల టన్నుల హీలియం-3 ఉండొచ్చని అంచనా వేసింది. వాళ్ల ఉత్సాహానికి బలమైన కారణమే ఉంది. ఫ్యూజన్‌కు (తేలిక పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడానికి) అన్నిటికంటే సులువైన జోడీ హైడ్రోజన్ బరువైన రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం. కానీ ఆ చర్యలో పుట్టే శక్తిలో 80 శాతం న్యూట్రాన్లతో వెళ్లిపోతుంది. అవి రియాక్టర్ గోడల్ని బలహీనపరుస్తాయి, రేడియోధార్మికం చేస్తాయి. ట్రిటియం బదులు హీలియం-3 వాడితే ప్రోటాన్, మామూలు హీలియం పుడతాయి. రెండూ విద్యుదావేశం ఉన్న కణాలే కాబట్టి వాటి నుంచి నేరుగా కరెంటు తీయొచ్చన్నది ఆలోచన. 1988లో నాసా క్లీవ్‌లాండ్‌లో దీనిమీద ఒక సమావేశం పెట్టింది. అపోలో-17లో చంద్రుడి మీద నడిచిన భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్ ఈ ఆలోచనకు గట్టి ప్రచారకుడయ్యారు.

చిక్కంతా గాఢతలో ఉంది. అపోలో-11 దిగిన ప్రాంతంలాంటి మంచి చోట్ల కూడా హీలియం-3 వంద కోట్ల భాగాల్లో పది భాగాల స్థాయిలోనే దొరుకుతుంది. టైటానియం ఎక్కువున్న మట్టి దాన్ని బాగా పట్టి ఉంచుతుంది. ఆ టైటానియం ఖనిజం ఇల్మెనైట్, మన భీమిలి, శ్రీకాకుళం తీరపు ఇసుకలో ఉన్నదే. ఒక్క టన్ను హీలియం-3 కోసం సుమారు 10 కోట్ల టన్నుల మట్టిని ఎత్తి, 700 డిగ్రీల దాకా వేడి చేయాలి. సింగరేణి మొత్తం కలిసి ఏడాదికి తీసే బొగ్గు 7 కోట్ల టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. ఫలితం చిన్నదేం కాదు. ఆ టన్నులోని శక్తిలో సగమే కరెంటుగా మారినా, 9 వేల మెగావాట్లు ఏడాదిపాటు అందుతాయి. కానీ దాన్ని మండించే రియాక్టర్ ఎక్కడుంది?

ఈ ప్రశ్నను ప్రచారం ఎప్పుడూ దాటేస్తూ వచ్చింది. 2022 డిసెంబర్ 5న అమెరికాలోని లేజర్ ఫ్యూజన్ కేంద్రం ఎన్ఐఎఫ్‌లో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. అక్కడ వాడింది డ్యుటీరియం-ట్రిటియం. మన దేశమూ భాగస్వామిగా ఉన్న అంతర్జాతీయ ఫ్యూజన్ రియాక్టర్ ఐటర్‌లో ఆ జోడీతో పని 2039లో మొదలవుతుందని ఇప్పటి అంచనా. హీలియం-3కి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేడి కావాలి. పైగా డ్యుటీరియం కణాలు తమలో తాము కలిసి న్యూట్రాన్లను పుట్టిస్తాయి, అంటే అది పూర్తిగా శుభ్రమైన మంట కూడా కాదు. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ క్లోజ్ 2007లోనే దీనిమీద ఘాటుగా హెచ్చరించారు. ఫ్యూజన్ రావాలని మనసారా కోరుకునేవాళ్లకు ఇది ముఖ్యం. సులువైన మెట్టే ఇంకా ఎక్కకముందు పై మెట్టు పేరుతో ఆశ పెట్టడం ఫ్యూజన్ పరిశోధన మీదున్న నమ్మకాన్నే దెబ్బతీస్తుంది.

ఈలోగా హీలియం-3కి వేరే గిరాకీ వచ్చింది. భూమ్మీద ఇది ఎక్కువగా అణ్వాయుధాల కోసం నిల్వ చేసిన ట్రిటియం క్షయమై వస్తుంది. ట్రిటియం సగానికి తగ్గడానికి 12.3 ఏళ్లు పడుతుంది కాబట్టి సరఫరా నెమ్మది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత రేవుల్లో, సరిహద్దుల్లో అణు పదార్థాలను పసిగట్టే పరికరాలకు దీన్ని విరివిగా వాడటంతో 2008 నాటికి కొరత మొదలైంది. మణుగూరులో తయారయ్యేలాంటి భారజలం వాడే రియాక్టర్లలోనూ ట్రిటియం పుడుతుంది. కెనడా ఆ దారిలో హీలియం-3 తీస్తోంది. ఇప్పుడు క్వాంటం కంప్యూటర్లను పరమ శూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లబరచే యంత్రాలకు ఇదే కావాలి.

ష్మిట్ సహ వ్యవస్థాపకుడిగా ఉన్న ఇంటర్‌లూన్ కంపెనీ అమ్మేది ఈ మార్కెట్‌కే. చంద్రుడి నుంచి తెచ్చిన హీలియం-3ని 2029 కల్లా 3 లీటర్లు ఇస్తామని 2025లో అమెరికా ఇంధన శాఖతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది శీతలీకరణ యంత్రాలు తయారుచేసే బ్లూఫోర్స్‌తో, 2028 నుంచి ఏటా గరిష్ఠంగా 10 వేల లీటర్లకు ఒప్పందం కుదిరింది. ఆ 10 వేల లీటర్లు బరువులో కిలో పైచిలుకే. దానికి లక్ష టన్నులకు పైగా మట్టి కదపాలి. అంటే చంద్రుడి మీద మొదటి తవ్వకం కరెంటు కోసం జరిగేలా లేదు, ల్యాబుల కోసం జరిగేలా ఉంది.

చైనా కూడా వెనకబడలేదు. 2020లో చాంగే-5 తెచ్చిన 1,731 గ్రాముల మట్టిలోని హీలియం-3ని అక్కడి శాస్త్రవేత్తలు కొలిచారు.

హక్కుల సంగతే తేలలేదు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశం సొత్తూ కాదు. 1979 చంద్ర ఒప్పందం అక్కడి వనరుల్ని మానవాళి ఉమ్మడి వారసత్వం అంది. భారత్ దానిమీద 1982లో సంతకం పెట్టింది కానీ ధ్రువీకరించలేదు. అమెరికా, రష్యా, చైనా అసలు చేరలేదు. అంతరిక్షంలో తవ్వితీసిన సరుకు తవ్వినవాళ్లదేనని 2015లో అమెరికా చట్టం చేసింది. తవ్వకాలను అనుమతించే ఆర్టెమిస్ ఒడంబడికలో భారత్ 2023 జూన్‌లో చేరింది. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీ కార్యవర్గం ఒకటి ఈ తవ్వకాలకు మార్గదర్శకాలు తయారుచేస్తోంది, దాని గడువు 2027. ఉమ్మడి వారసత్వం అన్న కాగితం మీదా, తవ్వకాలను అనుమతించే కాగితం మీదా సంతకం చేసిన మన దేశం, అక్కడ ఏ వైపు మాట్లాడుతుందో ముందే ప్రజలకు చెప్పాలి.