లావా రాళ్ల మీది పిచ్చుక

1832 జనవరిలో బీగిల్ ఓడ టెనెరిఫ్ దీవి దగ్గర ఆగబోతే, కలరా భయంతో అక్కడివాళ్లు పన్నెండు రోజుల క్వారంటైన్ అన్నారు. కెప్టెన్‌కు అంత ఓపిక లేదు. ఓడ దక్షిణానికి సాగిపోయి జనవరి 16న కేప్ వర్డీ దీవుల్లోని సాంటియాగోలో లంగరు వేసింది. ఇరవై రెండేళ్ల డార్విన్ అక్కడ సేకరించిన పక్షుల్లో ఓ చిన్న పిచ్చుక కూడా ఉంది. 1837లో పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ దాన్ని కొత్త జాతిగా తేల్చి దీవి పేరే పెట్టాడు. అదే యాగో పిచ్చుక. డార్విన్ తెచ్చిన గాలపాగోస్ దీవుల ఫించ్ పిట్టలను ఆ ఏడాదే వేర్వేరు జాతులుగా తేల్చి చూపించిందీ గౌల్డే. వాటికి దక్కిన పేరులో వందోవంతు కూడా దీనికి దక్కలేదు. డార్విన్ సైతం తన యాత్రా పుస్తకంలో ఆముదం కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్టనే ముచ్చటగా వర్ణించాడు.

చూడటానికి మామూలు పిచ్చుకే, కాకపోతే ఇంకాస్త చిన్నది: 13 సెంటీమీటర్లు. మగదానికి నల్లటి నెత్తి, కంటి మీదుగా మెడదాకా ఇటుక రంగు పట్టీ, గొంతు కింద చిన్న నల్ల మచ్చ. ఆడదానికి లేత రంగు కనుబొమ్మ. అంతే.

దీని గొప్పంతా అది బతికే చోటులో ఉంది. ఆఫ్రికా పశ్చిమ తీరానికి దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో, అగ్నిపర్వతాలు కక్కిన రాతి దీవులవి. చెట్టు అరుదు, వాన ఇంకా అరుదు. చెట్టు లేకపోయినా దీనికి ఇబ్బంది లేదు. కొండ చీలికలోనో, గోడ కన్నంలోనో గడ్డీ ఈకలూ పరిచి గూడు కట్టేస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్లలో నాలుగు చినుకులు పడటమే ఆలస్యం, గుడ్లు పెట్టే పని మొదలు. తను గింజలతో సరిపెట్టుకున్నా, పిల్లలకు మాత్రం పురుగులు పెట్టాలి. అవి దొరికేది వాన పడ్డాకే.

స్పానిష్ పిచ్చుకలు, ఊరపిచ్చుకలు కూడా ఈ దీవులకు చేరాయి. అవి చెట్లున్న ఊళ్లలో, రేవు పట్టణాల్లో స్థిరపడితే రాళ్ల నేలలు ఎక్కువగా దీనికే మిగిలాయి. ఒక్క ఫోగో దీవిలో మాత్రం ఇది కనిపించదు. ఎందుకో మరి!

యాగో పిచ్చుక సొంతంగా సముద్రం దాటదు. కానీ 2013 మేలో ఈ దీవుల మీదుగా వచ్చిన ఓ ఓడ నెదర్లాండ్స్ రేవు చేరినప్పుడు, డెక్ మీద నాలుగు యాగో పిచ్చుకలు కనబడ్డాయి. యూరప్‌లో ఈ జాతిని చూడటం అదే మొదలు.