మిద్దె మీద ఆటోమేటిక్ హైడ్రోపోనిక్ గ్రీన్‌హౌస్: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో మా మిద్దె మీద 100 చదరపు అడుగుల చిన్న హైడ్రోపోనిక్ గ్రీన్‌హౌస్ ఉంది, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచే గది. ఆరేళ్లుగా అందులో లెట్యూస్, పాలకూర, బేసిల్ పెంచుతున్నాను. తెలిసినవాళ్లు కట్టుకుంటామంటే వెళ్లి దగ్గరుండి సాయం చేస్తుంటాను. వచ్చినవాళ్లు ముందు అడిగేది పోషకాల గురించి, లేదంటే కంట్రోలర్ బోర్డు గురించి. వేడి సంగతి అడిగేవాళ్లు చాలా తక్కువ. చలి దేశాల్లో గ్రీన్‌హౌస్ కట్టేది వేడిని దాచుకోవడానికి. మన రోహిణి కార్తెలో ఆ వేడిని బయటికి తోయడానికే సగం ఖర్చు, సగం కష్టం.

అపోహ: ఒక ఏసీ పెట్టేస్తే క్లైమేట్ కంట్రోల్ అయిపోతుంది.

ఒకసారి లెక్క వేసి చూడండి. మే నెల మధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. 100 చదరపు అడుగులంటే 9 చదరపు మీటర్ల పైమాటే, అంటే నెత్తిన 9 కిలోవాట్ల హీటర్ వెలుగుతున్నట్టు. ప్లాస్టిక్ షీటూ షేడ్ నెట్టూ కొంత ఆపినా మిగిలింది లోపలికే వస్తుంది. 1.5 టన్నుల ఏసీ పూర్తి స్థాయిలో నడిచినా తీయగలిగేది 5.3 కిలోవాట్లు. పైగా ఏసీ కోసం అంతా మూసేస్తే లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలు పీల్చేసుకుంటాయి, ఎదుగుదల మందగిస్తుంది.

మనకు పనికొచ్చేది ఫ్యాన్, ప్యాడ్ పద్ధతి. ఒక గోడకు ఎయిర్ కూలర్‌లో ఉండేలాంటి తడి ప్యాడ్, ఎదుటి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్. లోపలి గాలి మొత్తం నిమిషానికి ఒకసారైనా మారాలి. మే నెలలో హైదరాబాద్‌లో 41 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న రోజున మంచి ప్యాడ్ గుండా వచ్చే గాలి 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. చేయి పెట్టి చూస్తే నమ్మబుద్ధి కాదు.

అదే డిజైన్‌ను మా బావగారు విశాఖలో కట్టించారు. అక్కడ ఎండ 36 డిగ్రీలే, కానీ తేమ 65 శాతం. ప్యాడ్ ఎంత తడిపినా గాలి 31 కంటే దిగలేదు, ఆకుల మీద మాత్రం చెమ్మ నిలిచిపోయింది. "బావా, ప్యాడ్ తీసేయండి, నాలుగు వైపులా గాలి ఆడనివ్వండి, లెట్యూస్ వదిలేసి తోటకూర, బచ్చలి పెట్టండి" అన్నాను. ఇప్పుడు వాళ్లింట్లో రోజూ ఆకుకూరే. సముద్రం పక్కన ఉండేవాళ్లు హైదరాబాద్ వీడియోలు చూసి ప్యాడ్ కొనేయకండి.

అపోహ: నీళ్లు 90 శాతం ఆదా.

మొక్కల వరకు చూస్తే ఆదా నిజమే. నీరు ఇంకిపోదు, మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. నా 180 లెట్యూస్ మొక్కలు వేసవిలో రోజుకు తాగేది 20, 25 లీటర్లు. ప్యాడ్ తాగేది మాత్రం దాదాపు 100. గంటకు 2000 ఘనపు మీటర్ల గాలిని 13 డిగ్రీలు చల్లబరచాలంటే గంటకు 12 లీటర్ల నీరు ఆవిరి కావాల్సిందే, అది భౌతికశాస్త్రం. బోరు నీళ్లు వాడితే ప్యాడ్ మీద తెల్లటి ఉప్పు పొర కూడా కడుతుంది. కాబట్టి వేసవిలో నీటి కటకట ఉన్న కాలనీల్లో ఆ రెండు నెలలు పంట ఆపేయమనే చెబుతాను. ట్యాంకర్ నీళ్లు కొని లెట్యూస్ పెంచడం సరికాదు.

అపోహ: లోపల గాలి చల్లగా ఉంటే మొక్కలు సుఖంగా ఉన్నట్టే.

వేర్లు ఉండేది నీళ్లలో. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. వేడికి వేర్లకేమో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. ఆ సందులోనే పిథియం అనే వేరుకుళ్లు పట్టుకుంటుంది. పట్టేసిన మొక్కను పైకి లాగి, ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా జారవిడవండి. గోధుమ రంగు పైతొక్క జిగటగా ఊడి వేళ్లకు అంటుకుంటుంది, లోపల సన్నటి దారం ఒక్కటే మిగులుతుంది. ఆరోగ్యమైన వేరైతే తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఆకు వాడిపోయేదాకా ఆగకుండా వారానికోసారి వేరు చూడండి.

నా ట్యాంకును మిద్దె మీద నుంచి దించి మెట్ల కింద నీడలో పెట్టాను, చుట్టూ థర్మోకోల్ కట్టాను. నీటి వేడి నాలుగైదు డిగ్రీలు తగ్గింది. ఇంతకంటే చవకైన చిట్కా నాకు తెలీదు.

అపోహ: ఆటోమేషన్ పెట్టాక పది రోజులు ఊరెళ్లినా టెన్షన్ లేదు.

నన్ను బాగా ఏడిపించింది ఇదే. నీటి పీహెచ్ (ఆమ్లత్వం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సరిచేయడానికి ట్యాంకులో ఆమ్లం పోసే చిన్న పంపు ఉంది. రెండో ఏడాది ఒక రాత్రి దాని రిలే (బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) ఆన్‌లోనే అతుక్కుపోయింది. ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు, ఆపమని ఆజ్ఞ కూడా వెళ్లింది, లోపలి లోహపు కాంటాక్టు విడిపడలేదు అంతే. సీసాలోని ఫాస్ఫారిక్ ఆమ్లమంతా ట్యాంకులోకి పోయింది. తెల్లారి చూస్తే పీహెచ్ 3.2. మధ్యాహ్నానికి 180 మొక్కలూ తలలు వాల్చేశాయి. ఆ రోజు అన్నం సహించలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: ఏ భాగం చెడినా మొక్క బతికేలా వైరింగ్ ఉండాలి. సీసాలో ఆమ్లాన్ని బాగా పలచగా, కొద్దిగానే ఉంచుతాను. అదంతా ఒకేసారి పడినా పీహెచ్ 5 కిందికి దిగకూడదు. పలచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. ఒక్కో మోతాదు పడ్డాక నీళ్లు కలవడానికి పావుగంట ఆగి, మళ్లీ కొలిచాకే తర్వాతి మోతాదు. వేర్లకు నీళ్లు తిప్పే సర్క్యులేషన్ పంపును రిలేలో ఆజ్ఞ అందకపోయినా కలిసే ఉండే (నార్మల్లీ క్లోజ్డ్) కాంటాక్టుకు కలిపాను. అన్నిటినీ నడిపే కంట్రోలర్, ఈఎస్‌పీ32 బోర్డు చచ్చిపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ 29 దగ్గర ఆన్, 27 దగ్గర ఆఫ్. రెండింటికీ ఒకే అంకె పెడితే రిలే టకటకా కొట్టుకుని త్వరగా పోతుంది. తడి చోటు కాబట్టి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా ఒక్క వైరు కూడా లాగొద్దు, ఇందులో రాజీ లేదు.

కరెంటు పోతే? పైపుల్లో పలచగా పారే ఎన్ఎఫ్‌టీ పద్ధతిలో మే నెల మధ్యాహ్నం గంట చాలు, మొక్కలు వాడిపోతాయి. పంపును ఇన్వర్టర్‌కు కలపండి. లోతు నీళ్లలో పెంచేవాళ్లకు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది.

సెన్సర్ల మాట. పీహెచ్ ప్రోబ్ రోజురోజుకూ కొంచెం కొంచెం తప్పు చెబుతుంది. నెలకోసారైనా 7.00, 4.01 ద్రావణాలతో, ఈసీ మీటరును (నీటిలో కరిగిన పోషకాలు ఎంతున్నాయో చూపేది) 1.413 ద్రావణంతో సరిచూడాలి. పీహెచ్ ప్రోబ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ పెడితే పాడైపోతుంది, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. ఉష్ణోగ్రత సెన్సర్‌పై నేరుగా ఎండ పడితే గాలి వేడి బదులు ఎండ వేడి చెబుతుంది. తెల్లటి, గాలాడే డబ్బాలో, మొక్కల ఎత్తులో వేలాడదీయండి.

అపోహ: లేత ఆకుల అంచులు మాడితే కాల్షియం పోయాలి.

చాలాసార్లు ట్యాంకులో కాల్షియం సరిపడానే ఉంటుంది. వానాకాలంలో తలుపులన్నీ మూసేస్తే తేమ పెరిగి ఆకు నీటిని వదలదు, నీటితో పాటే ఎక్కే కాల్షియం లోపలి లేత ఆకు దాకా చేరదు. ఒక చిన్న ఫ్యాన్ మొక్కల మీదుగా మెల్లగా గాలి విసిరేలా పెట్టండి. రాత్రి కూడా తిరగనివ్వండి.

అపోహ: బోరు నీళ్లు అసలు పనికిరావు.

టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) తక్కువగా ఉంటే నిక్షేపంగా పనికొస్తాయి. ముందు పరీక్ష చేయించండి. బైకార్బొనేట్లు ఎక్కువైతే పీహెచ్ రోజూ పైకి ఎగబాకుతుంది, అప్పుడు వాన నీళ్లో ఆర్వో నీళ్లో కలపండి. పూర్తి ఆర్వో అయితే కాల్షియం, మెగ్నీషియం మీరే వేయాలి. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లు, ఫాస్ఫేట్లతో చిక్కటి ద్రావణంలో ఎప్పుడూ కలపొద్దు, అడుగున సున్నంలా పేరుకుంటుంది. అందుకే ఏ, బీ అని రెండు సీసాలు.

అపోహ: పురుగు రాదు.

వస్తుంది. మన బట్టల మీదా వస్తుంది, ఫ్యాన్ సందుల్లోంచీ వస్తుంది. 40 మెష్ నెట్, పసుపు జిగురు అట్టలు, వేపనూనె సిద్ధంగా ఉంచుకోండి.

అపోహ: మట్టిలో కంటే పది రెట్లు దిగుబడి.

ఈ మాట పాతదే. 1930లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరిక్ ఇంటి కప్పు ఎత్తు టమాటా తీగలు పెంచి చూపించాక ఇలాంటి ప్రచారమే నడిచింది. అదే విశ్వవిద్యాలయంలో హోగ్లండ్, ఆర్నన్ పరీక్షించి, మంచి మట్టితో పోలిస్తే దిగుబడిలో పెద్ద తేడా లేదని 1938లో తేల్చారు. ఇప్పటికీ మనం వాడే పోషక ద్రావణాలకు మూలం వాళ్ల ఫార్ములాలే. చోటు కలిసిరావడం, ఏడాదికి ఎక్కువ పంటలు తీయడం, ఆకు శుభ్రంగా ఉండటం, ఇవి నిజమైన లాభాలు.

అపోహ: తేలికైన పైపులే కదా, ఏ మిద్దె అయినా మోస్తుంది.

లీటరు నీరు కిలో. జనం తిరిగే మిద్దెకు మన ప్రమాణాల్లో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలే లెక్క. 500 లీటర్ల డ్రమ్ము ఒక్క మూల నిలబెడితే ఆ చోట అంతకు ఎన్నో రెట్ల భారం. దూలం మీద, స్తంభానికి దగ్గరగా పెట్టించండి. గాలి కూడా ఉంది: హైదరాబాద్‌కు డిజైన్ లెక్కల్లో తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. పాలిథిన్ షీటు తెరచాపలా ఉబ్బుతుంది. ఇటుక పిట్టగోడకు నాలుగు బోల్టులు కొట్టి వదిలేస్తే ఈదురుగాలికి ఫ్రేమంతా వీధిలో పడుతుంది, కింద పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. పైపులు కొనకముందే స్ట్రక్చరల్ ఇంజనీరును ఒకసారి మిద్దె మీదికి తీసుకెళ్లి చూపించండి.