ఈతకొలనులో ఘాటు వాసన వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టేనా?

ఏప్రిల్ వచ్చిందంటే వేసవి శిబిరాల పిల్లలతో మా ఈతకొలను కిటకిటలాడుతుంది. నీళ్ల బాధ్యత నాది కాబట్టి తల్లిదండ్రుల అనుమానాలూ ఫిర్యాదులూ నా దగ్గరికే వస్తాయి. వాటిలో చాలావరకు కంటినీ ముక్కునీ నమ్మి వేసుకున్న అంచనాలే.

అపోహ: క్లోరిన్ వాసన గుప్పున కొడుతోందంటే మందు బాగా వేశారన్నమాట.

వాస్తవం: చక్కగా చూసుకునే కొలనులో వాసన దాదాపు ఉండదు. చెమటలో, మూత్రంలో ఉండే అమ్మోనియా, యూరియాలతో క్లోరిన్ కలిస్తే క్లోరమిన్లు పుడతాయి. ముక్కు మండించేవీ, కళ్లు ఎర్రబడేలా చేసేవీ, నాలుగు గోడల మధ్య ఉన్న కొలనుల్లో దగ్గు తెప్పించేవీ అవే. క్రిములను చంపే బలం మాత్రం వాటికి చాలా తక్కువ. ఘాటు ఎక్కువైనప్పుడు విరుగుడు తరచుగా మరింత క్లోరిన్ వేయడమే. ఈతగాళ్లందరూ వెళ్లిపోయాక ఒకేసారి పెద్ద మోతాదు వేసి క్లోరమిన్లను విరగ్గొడతాం. ఈ మాట చెబితే నన్ను అనుమానంగా చూస్తారు!

తేల్చేది పరీక్షే. నీళ్లు లోపలికి వచ్చే రంధ్రాలకు దూరంగా, మోచేతి లోతు నుంచి గాజు గొట్టంలో నీరు తీస్తాం. క్లోరిన్ కొలిచే డీపీడీ మాత్రల్లో ఒకటో నంబరుది వేస్తే వచ్చే గులాబీ రంగు, ఇంకా దేనితోనూ కలవని ఫ్రీ క్లోరిన్‌ది. అదే నీటిలో మూడో నంబరు మాత్ర కూడా వేశాక రంగు ఎంత ముదిరితే అన్ని క్లోరమిన్లు ఉన్నట్టు. చాలాచోట్ల ఇంకా వాడుతున్న పసుపు రంగు చుక్కల మందు ఈ రెంటినీ కలిపి చూపిస్తుంది. అందుకే దాని మీద నాకు గురి లేదు.

అపోహ: మోతాదు ప్రకారం క్లోరిన్ వేస్తే చాలు.

వాస్తవం: నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె పీహెచ్. అది తప్పితే ఆ మోతాదు సగం వృథా. పీహెచ్ 7.2 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు క్రిములను చంపే చురుకైన రూపంలో ఉంటుంది. 8 దాటితే నాలుగో వంతు కూడా మిగలదు. బ్లీచింగ్ పౌడర్ పీహెచ్‌ను పైకి తోస్తుంది కాబట్టి విడిగా యాసిడ్ వేసి సరిచేస్తూ ఉండాలి.

అపోహ: అడుగు టైల్స్ కనిపించేంత తేటగా ఉన్నాయి, ఇంకేం భయం?

వాస్తవం: క్రిములు కంటికి కనబడవు. అయినా తేటదనం తప్పనిసరే, కారణం వేరు. గట్టు మీద నిలబడితే అడుగున ఉన్న జాలీ స్పష్టంగా కనిపించాలి. కనబడకపోతే మునిగిన పిల్లవాడు కూడా లైఫ్‌గార్డుకు కనబడడు. ఆ రోజు కొలను మూసేయాల్సిందే, ఎవరు ఎంత గొడవ చేసినా. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను ఆకుపచ్చగా మారింది గుర్తుందా? పొరపాటున పోసిన హైడ్రోజన్ పెరాక్సైడ్ క్లోరిన్‌ను హరించేసింది, నాచు అందుకుంది.

అపోహ: క్లోరిన్ నీళ్లలో ఏ క్రిమీ బతకదు.

వాస్తవం: 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) క్లోరిన్, 7.5 పీహెచ్ ఉన్న నీళ్లలో ఇ.కొలై నిమిషంలోపే చస్తుంది. హెపటైటిస్-ఎ వైరస్‌కు పావుగంట పైన పడుతుంది, పేగుల్లో చేరే జియార్డియా అనే పరాన్నజీవికి ముప్పావుగంట. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం మాత్రం అదే నీళ్లలో వారానికి పైగా బతుకుతుంది. పిల్లవాడికి విరేచనాలు అవుతుంటే, ‘ఫీజు కట్టేశాం కదా’ అని తీసుకురాకండి. క్రిప్టో అని తేలితే విరేచనాలు తగ్గాక కూడా రెండు వారాలు నీళ్లలోకి దిగకూడదు.

అపోహ: స్నానం ఈత తర్వాత చేస్తే చాలు.

వాస్తవం: తర్వాతి స్నానం మీ కోసం, ముందటి స్నానం అందరి కోసం. షవర్ కింద ఒక్క నిమిషం నిలబడినా ఒంటి మీది మురికి చాలావరకు పోతుంది. తలకు కొబ్బరి నూనె దట్టంగా పట్టించి పంపే అమ్మలకు నాదొక విన్నపం: ఆ నూనె నీటిమట్టం దగ్గర టైల్స్ మీద జిడ్డు చారగా పేరుకుంటుంది, రోజూ బ్రష్‌తో రుద్దేది మేమే. నూలు బట్టలు ఎందుకు వద్దంటారని అడుగుతారు. వాటి నూగు ఫిల్టర్‌కు చేరి అందులోని ఇసుక సందులను మూసేస్తుంది.

ఉప్పునీటి కొలనులో క్లోరిన్ ఉండదన్నదీ నిజం కాదు. ఉప్పును విద్యుత్తుతో విడగొట్టి అక్కడికక్కడే తయారు చేసేది క్లోరిన్‌నే. జుట్టు ఆకుపచ్చగా మారితే క్లోరిన్‌ను తిట్టకండి, నాచు పోవడానికి వేసిన మైలుతుత్తంలోని రాగి అది. మూత్రం పోస్తే నీళ్ల రంగు మార్చే మందంటూ ఏదీ లేదు. ఉంటే మొదట కొనేవాడిని నేనే.

అపోహ: మెదడు తినే అమీబా ఈతకొలనుల్లోనే ఉంటుంది.

వాస్తవం: 2024లో కేరళలో పిల్లలు చనిపోయాక ఈ భయం మా దాకా వచ్చింది. నేగ్లేరియా అనే ఈ అమీబా శుద్ధి చేయని, ఉప్పులేని వెచ్చని నీటిలో పెరుగుతుంది, ముక్కు ద్వారానే మెదడుకు చేరుతుంది, తాగితే కాదు. క్లోరిన్ సరిగా ఉన్న నీళ్లలో అది నిలవదు. భయపడాల్సింది పంపు ఆగిపోయి, వారాల తరబడి వదిలేసిన కొలనును చూసి.

చివరగా అపార్ట్‌మెంట్ కొలనులు చూసుకునే తమ్ముళ్లకు. ‘అన్నీ క్లోరిన్ మందులే కదా’ అని నెమ్మదిగా కరిగే టీసీసీఏ క్లోరిన్ మాత్రలనూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలపకండి, మంటలు లేస్తాయి, పేలవచ్చు. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే విషవాయువు వస్తుంది. ఒక్కో మందుకూ విడి మగ్గు, అదీ పొడిగా, మూత మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి పెట్టుకోండి. కలిపేటప్పుడు ముందు బకెట్‌లో నీళ్లు, ఆ తర్వాతే మందు.