పిడికెడు బియ్యం, చెంచాడు తోడు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ముద్దులు. మొన్న రాత్రి అమ్మ ఫోనులో ఒక సంగతి చెప్పింది. వంటకు బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి గట్టు మీది స్టీలు డబ్బాలో వేస్తుంటే చిన్నవాడు పక్కనే నిలబడి చూశాడట. ఆ బియ్యం ఎవరికని అడిగాడట. దేవుడికని అమ్మ చెబితే, "దేవుడు అన్నం వండుకుంటాడా?" అన్నాడట. అక్క పకపకా నవ్విందట. తల్లీ, ఆ ప్రశ్నకు నవ్వకు. అది చాలా మంచి ప్రశ్న. వాడి వయసు దాటాక కూడా నన్ను ఆ సందేహం వదల్లేదు. అయినా ఎవరినీ అడగలేదు. అడగకపోవడం వల్ల ఒక తప్పు పని కూడా చేశాను. అది తరవాత చెబుతాను.

ముందు సూటిగా జవాబు. దేవుడు అన్నం వండుకోడు నాన్నా. ఆయనకు మన బియ్యంతో పని లేదు. నాకు ఆకలి వేసినా నీతో చెప్పను, ఈ లోకమూ ఇందులో ఉన్నదంతా నాదే కదా అని బైబిల్లోని 50వ కీర్తనలో ఆయనే అంటాడు. మరి ఆకలి లేనివాడి పేరున బియ్యం తీయడం ఎందుకు? పెద్దవాళ్ళం చాలామంది తడబడేది ఇక్కడే. అందుకని మీ ఇంట్లోనే ఉన్న ఒక వస్తువును చూపించి చెబుతాను. వెళ్ళి పెరుగు గిన్నె చూడండి.

రాత్రి భోజనాలయ్యాక గిన్నె అడుగున కొంచెం పెరుగు మిగులుతుంది. అది కూడా వేయమని చిన్నవాడు అడుగుతాడు. అమ్మ వేయదు. "అది తోడుకు" అంటుంది. ఆ చెంచాడు పెరుగు తినేస్తే ఒక ముద్దకు సరిపోతుంది. ఉంచితే రేపు ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. రేపటి దానిలోంచి ఎల్లుండికి మళ్ళీ ఒక చెంచా. అమ్మ పెళ్ళయి హైదరాబాదుకు బయలుదేరినప్పుడు అమ్మమ్మ చిన్న గిన్నెలో తోడు పోసి, మూత మీద గుడ్డ కట్టి రైల్లో ఇచ్చి పంపింది. అమ్మమ్మకు అది వాళ్ళ అమ్మగారి ఇంటి నుంచి వచ్చింది. మధ్యలో ఎన్నోసార్లు పాడైపోయి పొరుగువారిని అడిగి తెచ్చుకున్నాం కూడా. ఖమ్మంలో మా పక్కిల్లు ముస్లిం కుటుంబానిది, వెనకింటివాళ్ళు శివభక్తులు. గిన్నె పట్టుకుని వెళితే మూడిళ్ళలో ఏ ఇల్లాలూ తోడు లేదని అనలేదు. మీరు ఈ రోజు తిన్న పెరుగన్నంలో ఆ మూడిళ్ళూ ఉన్నాయి.

తోడు వేయడానికి ఒక పద్ధతి ఉంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది. మరీ చల్లారితే పేరుకోదు. చిటికెన వేలు ముంచితే హాయిగా ఉండాలి. వేశాక గిన్నె కదపకూడదు. చలికాలంలో మా అమ్మ ఆ గిన్నెను బియ్యం బానలో సగం దాకా దిగేసి, పైన పాత దుప్పటి కప్పేది. తోడే లేనప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయని అంటారు. అమ్మమ్మ ఒకసారి చేసి చూసింది. తోడుకున్నాయి గానీ పలచగా వచ్చింది. దాన్నే మళ్ళీ తోడుగా వాడితే మర్నాటికి కాస్త గట్టిపడింది.

ఇల్లు కూడా పాల గిన్నె లాంటిదే. బడి, బట్టలు, కూరగాయలు, హోంవర్కు, మీ ఇద్దరి తగవులు, ఇవన్నీ పాలు. అమ్మ తీసే పిడికెడు బియ్యం, రాత్రి మీరంతా కూర్చుని చేసే చిన్న ప్రార్థన, అన్నం ముందు మూసుకునే కళ్ళు, ఇవి తోడు. పాలతో పోలిస్తే తోడు ఎంత? చెంచాడు. అంతకన్నా ఎక్కువ వేస్తే పెరుగు పులిసిపోతుంది. పిల్లల్ని కొట్టి ప్రార్థనకు కూర్చోబెట్టిన ఇళ్ళు నేను చూశాను. అది మరుగుతున్న పాలలో తోడు వేయడం. అందరూ నిద్రతో తూలుతుండగా మొక్కుబడిగా నాలుగు మాటలు అప్పగించే ఇళ్ళూ చూశాను. అవి చల్లారిపోయిన పాలు. గోరువెచ్చని వేళ ఏదో మీ అమ్మకు తెలుసు. మీ స్నానాలయ్యాక, అన్నం ఇంకా పొయ్యి మీద ఉండగానే ఆమె మిమ్మల్ని పిలుస్తుంది చూడండి, అదీ ఆ వేళ.

ఈ పోలిక నేను కల్పించింది కాదు. మా పల్లెలో ఉపదేశి, అంటే వాక్యం బోధించి ప్రార్థనలు నడిపే ఆయన, చెప్పేవాడు. ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో కొంచెం పుల్లని పిండి కలిపి పెడితే అంతా పొంగిందని యేసు ప్రభువు చెప్పిన ఉపమానం మీరు సండేస్కూల్లో విన్నారు. మాకు ఆ పుల్లని పిండి ఏమిటో తెలియదు. మా ఇళ్ళలో జొన్నరొట్టె తప్ప వేరే రొట్టె లేదు, జొన్నరొట్టె పొంగదు. అందుకని ఆయన తోడు సంగతి ఎత్తుకునేవాడు. అక్కడున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా తలలూపేవారు.

మా పల్లె డోర్నకల్‌కు దగ్గర. 1912లో అక్కడి బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు తమిళ దేశంలో, తిరునెల్వేలి వైపు పుట్టినవాడు. ఆంగ్లికన్ అనే క్రైస్తవ సంఘంలో బిషప్పు, అంటే సంఘ పెద్ద, అయిన మొదటి భారతీయుడు ఆయనే. తెలుగు నేర్చుకుని మా పల్లెలన్నీ తిరిగాడు. సంఘం బయటి డబ్బు మీద కాక తన కాళ్ళ మీద నిలబడాలని ఆయన పట్టుదల. మా వాళ్ళ దగ్గర డబ్బు ఎక్కడిది? చాలామంది కూలివాళ్ళు. బియ్యమో జొన్నలో, వండుకునే దానిలోంచి ఒక పిడికెడు తీయగలరు. అలా ఇంటింటా ఒక పిడత వెలిసింది. ఆదివారం అందరి పిడతలూ గుడిలో, అంటే మా చర్చిలో, ఒక గోనెసంచిలో ఒంపితే అందులోంచి ఉపదేశి కుటుంబం తినేది, దిక్కులేని వాళ్ళకూ అందేది. మన ఈశాన్యంలో మిజోరం ఇళ్ళలోనూ వందేళ్ళకు పైగా ఇదే అలవాటు ఉంది. అంత దూరాన మీ అమ్మలాంటి అమ్మ ఈ పూట పొయ్యి దగ్గర ఇదే పని చేస్తుందని తలచుకుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇప్పుడు నా తప్పు. నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు వానలు లేక చెరువు నిండలేదు. నాన్న కూలి వెతుక్కుంటూ వెళ్ళాడు. అమ్మకు జ్వరం. మంచం మీద నుంచి ఆమె చెబుతుంటే నేను వండేవాణ్ణి. బానలో చేయి పెడితే అడుగు తగిలింది. సోలతో కొలిస్తే సగమే వచ్చాయి. ఇందులోంచి దేవుడికి కూడానా అని కోపం వచ్చింది. "పిడికెడు తీశావా?" అని అమ్మ అడిగింది. "తీశాను" అన్నాను. తీయలేదు. ఆ వారమంతా తీయలేదు, వారమంతా తీశాననే చెప్పాను.

ఆదివారం పిడత నేనే తీసుకెళ్ళి గోనెసంచిలో ఒంపినట్టు నటించాను. ఆరాధన అయ్యాక ఉపదేశి కొన్ని బియ్యం మూటకట్టి, పల్లె చివర ఉండే ఒక ముసలమ్మకు ఇచ్చి రమ్మని నన్నే పంపాడు. ఆమెకు ఎవరూ లేరు. కోతలప్పుడు మళ్ళలో రాలిన కంకులు, అదే పరిగె, ఏరుకుని బతికేది. పొలం గట్ల వారన ఉన్నది పూర్తిగా కోయవద్దు, పరిగె బీదలకు విడిచిపెట్టమని బైబిల్లోని లేవీయకాండంలో ఉంది. బైబిల్లోనే రూతు అనే విధవరాలు అలా ఏరుకునే బతికింది. కానీ ఆ ఏడు కోతే లేదు. పరిగె ఎక్కడిది?

ముసలమ్మ మూట అందుకుని అరచేతిలో బరువు చూసింది. ఏమీ అనలేదు. విప్పి చేటలో పోసుకుంది. పోసుకోగానే అందులోంచి ఒక పిడికెడు తీసి, మూలనున్న పిడతలో వేసింది.

నేను నిర్ఘాంతపోయాను. "అవ్వా, అవి గుడిలోంచి వచ్చినవే కదా, మళ్ళీ గుడికే తీస్తావేం?" అన్నాను.

"నాదీ ఇల్లే కదా బాబూ" అంది.

ఇంకేమీ చెప్పలేదు. పొయ్యి రాజేసుకోవడంలో పడింది.

పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చి అమ్మకు నిజం చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. పిడత తన దగ్గరికి తెమ్మని, లోపల చేయి పెట్టి అడుగు తడిమింది. "రేపటి నుంచి కూడా నువ్వే తీయి. నా చేయి అంత అక్కర్లేదు. నీ పిడికిలిలో ఎన్ని పడితే అన్నే" అంది. ఆ మాటతో నా కోపం ఎక్కడికి పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.

పిల్లలూ, తినగా మిగిలింది ఇవ్వడం మంచిదే. కానీ అది ఎవరైనా చేస్తారు. సరిపోతుందో లేదో తెలియక ముందే, బియ్యం ఇంకా కడగక ముందే తీయడానికి కొంచెం ధైర్యం కావాలి. ఆ ధైర్యం పుస్తకం చదివితే రాదు, రోజూ తీసే చేతికి వస్తుంది. మీకు అది చిన్నప్పుడే రావాలని నా ఆశ.

ఆ అవ్వ అన్న మాటను డెబ్బై ఏళ్ళు దాటాక కూడా నేను పూర్తిగా విప్పి చెప్పలేను. తీసుకునే చేయి కూడా ఇచ్చే చేయేనని ఆమెకు ఎవరు నేర్పారు? పాలు రాత్రికి రాత్రి ఎవరూ చూడకుండా ఎలా గట్టిపడతాయి? శాస్త్రం తెలిసినవారు కంటికి కనిపించని జీవుల సంగతి చెబుతారు, అది నిజమే, పై తరగతుల్లో మీరూ చదువుకుంటారు. అయినా తెల్లవారి మూత తీసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. మన భాషలో దానికి తోడు అనే పేరు ఎవరు పెట్టారో గానీ, పక్కన ఉండేవారినీ మనం తోడు అనే అంటాం.

ఈ రాత్రి అమ్మను అడిగి మీరే తోడు పెట్టండి. అక్క చిటికెన వేలితో పాలు చూడాలి, చిన్నవాడు చెంచాడు తోడు కలపాలి. మూత పెట్టాక మధ్యలో తీసి చూడవద్దు. ఎంత ఆత్రంగా ఉన్నా వద్దు. పొద్దున లేవగానే, పళ్ళు తోముకోక ముందే వెళ్ళి గిన్నెను మెల్లగా ఒక పక్కకు వంచి చూడండి.

అమ్మమ్మ పిడికెడు బియ్యం నేను నిన్న తూచాను. 40 గ్రాములు ఉన్నాయి. రోజుకు రెండు పూటలు, వారానికి ఎంతవుతాయో అక్క లెక్క కట్టాలి. చిన్నవాడు రేపటి నుంచి అమ్మకు బదులు తన పిడికిలితో తీయాలి. మొదటిసారి తీసిన బియ్యాన్ని డబ్బాలో వేసే ముందు ఒక పళ్ళెంలో పోసి, ఎన్ని గింజలున్నాయో ఇద్దరూ కలిసి లెక్కపెట్టి నాకు రాయండి. తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టండి, తొందరేమీ లేదు.

మీ తాతయ్య